సెకనులో మూడో వంతు

ఎర్జురుమ్‌లో జనవరి అంటే
ఆరేసిన మేజోడును కిటికీకి కొడితే టక్కున మోగుతుంది.
ఆ చలిలో యూనివర్సిటీ వాళ్ళు మాకిచ్చిన ఒకే ఒక్క నిప్పు
ఫైర్‌వాల్.
చేతులు కాచుకోవడానికి కూడా పనికిరాదు.

పాఠాలు రావచ్చు, వాతావరణం రావచ్చు,
డీన్‌గారి ప్రసంగం ఎన్నిసార్లయినా రావచ్చు.
ఆట మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయేది.
తెర మీద చిన్న చక్రం
గానుగెద్దులా తిరిగి తిరిగి
"సర్వర్ అందుబాటులో లేదు" అని కూలబడేది.

దారి కనిపెట్టింది సుందుస్.
ఓల్తులో వాళ్ళ నాన్నకు రొట్టెల బట్టీ ఉంది,
బట్టీలో పిండి పట్టిన పాత కంప్యూటరు,
పొద్దున్నే బిల్లులు కొట్టడానికి.
సెలవులకు వెళ్ళినప్పుడు దానికేదో నేర్పి వచ్చింది.
అంతే, మా ఆట బుద్ధిగా ముసుగేసుకుని
రొట్టెల లెక్కలా గోడ దాటేది.

నేను విల్లు లాగితే
ఆ బాణం ముందు నూట ఇరవై కిలోమీటర్లు మంచుకొండల్లో పోయి
పిండి బస్తాల మధ్య ఒక్కసారి తుమ్మి
ఫ్రాంక్‌ఫర్ట్ చేరి
అక్కడినుంచి జింక మీద పడాలి.
మొత్తం సెకనులో మూడో వంతు.
అప్పటిదాకా జింక అక్కడే ఉంటుందా?

అందుకని నేర్చుకున్నాను,
జింక ఉన్నచోటికి కాదు, ఉండబోయే చోటికి వెయ్యడం.
దవడలో చక్కెర ముక్క నొక్కిపెట్టి
దాని మీంచి వేడి టీ జుర్రుతూ హాజెర్
"గాలికి గురిపెడతావేంటే" అనేది.
గాలిలోంచి జింక వచ్చి నా బాణానికి ఎదురుపడేది.

తెల్లవారుజామున నాలుగింటికి
ముఅమ్మర్ ఉస్తా పొయ్యి రాజెయ్యడానికి వచ్చేవాడట.
చీకట్లో వెలిగే తెర, పరుగెత్తే అంకెలు.
కూతుర్ని అడిగాడు. చదువు నాన్నా, అంది.
ఆయన ఇంకో మాట అడగలేదు.
అట్టముక్క చింపి, బొగ్గుతో రాసి అతికించాడు:
"ఆపొద్దు. అమ్మాయి చదువుకుంటోంది."
కరెంటు పోతుందేమోనని బ్యాటరీ కూడా కొన్నాడు,
అప్పు చేసి.
ఆ సంగతి తెలిసిన రాత్రి సుందుస్ సరిగా ఆడలేదు.
నేను ఆడాను. అబద్ధమెందుకు,
ఆ రాత్రి పదకొండు జింకలు.

మార్చిలో పిలుపొచ్చింది.
నెట్‌వర్కు గదిలో రుక్నెత్తిన్ బే,
స్వెట్టరు మీద స్వెట్టరు, వేళ్ళ మధ్య నల్లరాతి జపమాల,
కాగితం మా వైపు తిప్పాడు.
"రాత్రి రెండింటికి ఓల్తు బట్టీకి నాలుగు గిగాబైట్లు.
ఎన్ని రొట్టెలమ్మా ఇవి?"
నాకు నవ్వొచ్చింది. సుందుస్‌కు ఏడుపొచ్చింది.
ఆయన ఇద్దరికీ టీ పోసి
మేం తాగుతుండగానే కన్నం పూడ్చేశాడు.
ఒక్క మీట.

మర్నాడు తెల్లారకముందే ఫోను.
వెనక పొయ్యి చిటపటలు.
"తెర నల్లగా ఉంది తల్లీ, నేనేమైనా పాడుచేశానా?"
"లేదు నాన్నా. పరీక్షలైపోయాయి."
"బాగా రాశావా?"
చిటపటలు.
"మరి అట్ట తీసెయ్యనా?"
గదిలో నలుగురం. ఒక్కరికీ ఊపిరాడలేదు.
"ఉండనీ" అంది సుందుస్.

ఇప్పుడు ఇజ్మీర్‌లో, నా ఇంటికి ఏ గోడా లేదు.
నొక్కీ నొక్కకముందే బాణం.
నా వేళ్ళకే ఆ మాట ఇంకా తెలీదు.
జింక పరుగెత్తుకొస్తుంటే
అది ఇంకా వెయ్యని అడుగు మీదికి వేస్తాను.
బాణం ఖాళీ మంచులో దిగబడుతుంది.
జింక ఆగి, దాన్ని ఓసారి వాసన చూసి
పక్కదారిన పోతుంది.